బుల్లెట్టూ, బాబాయిలూ

గోదావరి జిల్లాల్లో మగాడి పరపతికి ఒకప్పుడు రెండే లెక్కలుండేవి. ఎన్నెకరాల మాగాణి ఉంది? బండి చప్పుడు ఎంత దూరం వినిపిస్తుంది? మొదటిది కోర్టు వాయిదాల్లో కరిగిపోయినా రెండోది మిగిలితే చాలు, కాఫీ హోటల్లో కుర్చీ ఖాళీ చేసి ఇచ్చేవారు. ఊరి మొగలో డుగ్గు డుగ్గుమని వినపడగానే ఇంట్లో ఎసరు పడేది, పాలేరు చేతిలో బీడీ ఆరేది, పిల్లల ఒళ్లో ఎక్కాల పుస్తకం తెరుచుకునేది. బుల్లెట్టు వాకిట్లోకి వచ్చేసరికి కొంపంతా క్రమశిక్షణలో ఉండేది.

అలాంటి బండిని కంపెనీవాళ్లు మార్చేశారు. ఒక్కసారిగా కాదు, విడతలవారీగా. మార్చిన ప్రతిసారీ మా వైపు ఒక సంతాపసభ జరిగింది. సభ ముగిశాక వచ్చినవాళ్లలో సగంమంది రాజమండ్రి వెళ్లి కొత్తది బుక్ చేసుకొచ్చారు.

బుల్లెట్టు మనది కాదంటే మావాళ్లు తగువుకొస్తారు గానీ అది పుట్టింది ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో. 1955లో అక్కడి కంపెనీవాళ్లు మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు, మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారీ మొదలైంది. అక్కడి కంపెనీ 1970 ప్రాంతంలో మూతపడింది. ఇక్కడ మాత్రం అదే 70 మిల్లీమీటర్ల బోరు, అదే 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, అదే 346 సీసీ దశాబ్దాల తరబడి నడిచాయి. ప్రభుత్వాలు మారాయి, జిల్లాలు చీలాయి, బుల్లెట్టు ఇంజను కొలతలు మారలేదు.

దాన్ని స్టార్ట్ చేయడం ఒక తంతు. మా బాబాయి పంచె ఎగ్గట్టి, తాళం తిప్పి, హెడ్‌లైటు డూమ్ మీదున్న ఆంప్‌మీటర్ ముల్లు మీద చూపు నిలిపేవాడు. కిక్కురాడ్డును పాదంతో మెల్లగా నొక్కుతూ పోతే ఆ ముల్లు నడిమధ్యకి వచ్చి ఆగుతుంది. అప్పుడు ఎడంచేతి దగ్గరున్న చిన్న లివరు నొక్కి, కిక్కును ఇంకో వెంట్రుకవాసి జరిపి, లివరు వదిలేసి, కిక్కును మళ్లీ పైకి రానిచ్చి ఒక్క తన్ను. కుదిరితే డుగ్గు. ముల్లు సంగతి తెలియనివాడు తంతే రాడ్డు ఎదురుతన్ని పిక్కని పలకరించేది. పెట్రోలు ఎంతుందో చెప్పే మీటరు ఉండేది కాదు. బాబాయి బండిని తొడల మధ్య పెట్టి రెండూపులూపి, ట్యాంకులో చప్పుడు విని, "లీటరుంపావు" అనేవాడు. బంకువాడు కూడా ఆ మాటకు ఎదురు చెప్పేవాడు కాదు.

అన్నిటికంటే పెద్ద విశేషం, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండటం. గేరుకి వెనకాల మడమ దగ్గర ఇంకో చిన్న మీట. క్లచ్ పట్టి దాన్నొక్కితే చాలు, బండి న్యూట్రల్లో పడేది. మిగతా బండ్లకి అలవాటుపడ్డవాడు దీన్నెక్కితే బ్రేకనుకుని గేరు తొక్కి, గట్టు దిగి చేలో తేలేవాడు. అందుకే ఊళ్లో నాగలి మొదలుకొని నగల దాకా అన్నీ ఎరువడిగారు గానీ బుల్లెట్టును ఎవరూ అడగలేదు.

2000 తరవాత గేరు ఎడమకాలికి వెళ్లిపోయింది, సెల్ఫ్ స్టార్టరు వచ్చింది. మొదటి సంతాపసభ అప్పుడే. 2009లో అదే కంపెనీ నుంచి క్లాసిక్ అనే మోడలు వచ్చింది. పోత ఇనుము ఇంజను స్థానంలో అల్యూమినియం ఇంజను, అందులోనే గేరుబాక్సు. రెండో సభ. 2020లో కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 2021 సెప్టెంబరులో క్లాసిక్‌నీ, 2023 సెప్టెంబరులో బుల్లెట్టునీ కొత్త 349 సీసీ ఇంజనుతో దించారు. అదురు తగ్గించడానికి లోపల బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. పెట్రోలు మీటరు, ఫోను చార్జింగు ఇచ్చారు. కిక్కురాడ్డు పూర్తిగా తీసేశారు. ఇక సభలు కాదు, కర్మకాండే.

ఆ కొత్త బుల్లెట్టు మా మేనకోడలు కొంది. కార్తీక సోమవారం నాడు కొవ్వూరు నుంచి తాళ్లపూడి మీదుగా గోదారి పక్కనే నడుపుకుంటూ పట్టిసీమ రేవుకొచ్చింది. మేమంతా లాంచీ ఎక్కి వీరభద్రస్వామి దర్శనం చేసుకుని అప్పుడే ఇవతలికొచ్చాం. పట్టిసీమ సామాన్యమైన ఊరు కాదు. 2015లో ఇక్కడ మోటార్లు పెట్టి గోదావరిని ఎత్తి, పోలవరం కుడికాలవలో పోసి, కృష్ణలో కలిపారు. ఆ పథకానికి మొత్తం 24 పంపులు. నది దారి మళ్లినా కిమ్మనని మావాళ్లు, గేరు కుడికాలు వదిలిందని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు.

బండి చుట్టూ జనం పెళ్లిచూపులకొచ్చినట్టు మూగారు. బాబాయి ఇంజను దగ్గర చెవి పెట్టాడు.

"ఏమ్మా, చప్పుడేదీ?"

"వస్తోంది కదా చినతాతయ్యా!"

"ఇదా? పక్కన లాంచీ ఇంజననుకున్నాను."

మా ఊరి మెకానిక్ టవలుతో చేతులు తుడుచుకుంటూ చుట్టూ తిరిగి వచ్చాడు. "బండి శుభ్రంగా ఉందండి. మా పనే శుభ్రంగా పోయిందండి. పాయింట్లు రుద్దేది లేదు. వంటలో ఉప్పు చూసినట్టు వారానికోసారి చూసేవోళ్లమండి. ఇప్పుడు రోగం కంప్యూటర్ చెప్పుద్దంట. ఇంక మేవెందుకండి?"

రిటైరైన లెక్కల మాష్టారు జావా మనిషి. మైసూరులో ఐడియల్ జావా వాళ్లు చేసిన బండి, కిక్కురాడ్డే ముందుకు తిప్పితే గేరయ్యే ఏర్పాటు ఆయనకు ఇప్పటికీ కళ్లల్లో నీళ్లు తెప్పిస్తుంది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2018 నవంబరులో జావా పేరు తిరిగొచ్చింది. 293 సీసీ, ఫోర్ స్ట్రోకు, ఇంజను చల్లబరచడానికి రేడియేటరు. "జంట సైలెన్సర్లు ఉంచారోయ్, పొగ తీసేశారు. చిక్కటి జావలో నీళ్లు కలిపారు" అని తేల్చాడాయన.

మేనకోడలు ఎవరికీ జవాబు చెప్పలేదు. ట్యాంకు మీది బంగారు గీత చూపించి, "ఇది ఇప్పటికీ చేత్తోనే గీస్తారు చినతాతయ్యా" అంది. బాబాయి చూపుడువేలితో ఆ గీత వెంట మొదలు నుంచి చివరిదాకా వెళ్లాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. "ఏదీ, తాళం ఇటివ్వు" అన్నాడు.

బయల్దేరగానే కుడికాలు గేరు కోసం వెతికి బ్రేకు తొక్కింది. రేవంతా చూసింది, ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే నవ్వితే తరవాత ఆయనతోనే ఇంటికెళ్లాలి. మళ్లీ కదిలి, పోలవరం దారిన కనుమరుగయ్యాడు. రెండు లాంచీలు అవతలికి వెళ్లి ఇవతలికొచ్చాక తిరిగొచ్చి తీర్పిచ్చాడు: "అదురు లేదు, చప్పుడు లేదు. నిద్రొస్తోంది."

"మరి ఇంతసేపేం చేశారు?"

"బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో చూడొద్దూ?"

ఆ తరవాత మీట నొక్కి తన స్కూటర్ స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు. ఆయన బుల్లెట్టు పశువుల పాకలో టార్పాలిన్ కింద ఉంది. మోకాళ్లు ఒప్పుకోక కిక్కు కొట్టడం మానేసి చాలాకాలమైంది.

ఇది గోదారి జబ్బని ఎటకారం చేయక్కర్లేదు. జర్మనీలోనూ బాబాయిలున్నారు. పోర్షా 911 కారు 1963లో బయటికొచ్చింది, ఇంజను గాలితోనే చల్లబడేది. 1997లో దాన్ని నీళ్లతో చల్లబరిచే ఇంజనుతో కొత్తగా తెచ్చి, గుండ్రటి లైట్ల ఆకారం మార్చారు. ఆ లైట్లను జనం వేయించిన కోడిగుడ్లన్నారు. ఇక 911 చచ్చిందన్నారు. అన్నవాళ్లు అంటుండగానే ఆ మోడలు లక్షా డెబ్బై వేలకు పైగా అమ్ముడైంది. 2004లో లైట్లు మళ్లీ గుండ్రమయ్యాయి. ఇటలీలో వ్యవహారం ఇంకా ముదిరింది. 2021లో లంబోర్గినీ వాళ్లు కౌంటాష్ పేరుతో 112 కార్లు చేస్తే, 1971 నాటి మొదటి కౌంటాష్‌ని గీసిన మార్చెల్లో గాండినీయే "దీంతో నాకు సంబంధం లేదు" అని ప్రకటన ఇచ్చాడు. మా మాష్టారు నయం, ప్రకటనలివ్వలేదు.

ఇంతకీ వీళ్లకి పోయిందేమిటి? చప్పుడూ కాదు, పోత ఇనుమూ కాదు. పాత బండి అందర్నీ ఎక్కనిచ్చేది కాదు. ముల్లు చదవడం, మడమతో న్యూట్రల్ పట్టడం, ట్యాంకు ఊపి లీటరు చెప్పడం అనే విద్య ఊరికి నలుగురి దగ్గరే ఉండేది. ఆ నలుగురూ విద్వాంసులు, మిగతా ఊరు శ్రోతలు. కొత్త బండి వచ్చి, బ్యాంకులో పనిచేసే ఆడపిల్ల కూడా బొటనవేలితో నొక్కి వెళ్లిపోగలదని రుజువు చేసింది. బండి చెడిందని ఏడుస్తున్నవాళ్లలో చాలామంది నిజానికి ఏడుస్తున్నది శ్రోతలు లేచిపోయారని. బండి మాత్రం బాగుపడింది. ఆగుతుంది, పొద్దున్నే కదులుతుంది, వాన్లో నిలబెట్టదు. నా ఓటు దానికే.

మేనకోడలు మరీ మురిసిపోనక్కర్లేదు. అదే కంపెనీ 2024 నవంబరులో ఫ్లయింగ్ ఫ్లీ పేరుతో కరెంటు బండి చూపించింది. అందులో డుగ్గూ లేదు, గిగ్గూ లేదు. అది మా రోడ్డెక్కిన రోజున ఈ పిల్లే నడుం మీద చేయేసుకుని "మా 349 సీసీ చప్పుడంటే అదీ!" అంటుంది. బాబాయితనానికి ఆడా మగా తేడా లేదు, వయసొస్తే చాలు.

కొత్త బండి కొనేవాళ్లకు నాదొక్కటే మనవి. పెద్దల సలహా తప్పకుండా అడగండి. అడిగేముందు ఆ పెద్దాయన అక్కడికి దేనిమీద వచ్చాడో కాస్త చూసుకోండి.