బయానా లేని బేరం

డచ్చి కంపెనీ పాలకొల్లు, ద్రాక్షారామాల్లో గుడ్డల బేరం పెట్టిన రోజుల్లో, దళారుల చేతుల మీదుగానైనా సరే, నేతగాళ్లకు ముందు బయానా ముట్టేది. నూలు కొనాలి, తాను దిగేదాకా పొయ్యి వెలగాలి కదా. దక్షిణాదిన 18వ శతాబ్దంలో కూడా బేరం గిట్టకపోతే ఆ బయానా మొహాన కొట్టి తప్పుకునే వీలు నేతగాడికి ఉండేదని చరిత్రకారులే తవ్వి తీశారు.

ఇంత తవ్వినవాళ్లు తమ సరుకు ఎక్కడ అమ్ముకుంటారు? అమ్ముకోవడమా, ఎంత మాట! సమర్పించుకుంటారు. ‘జర్నల్ ఆఫ్ ఎర్లీ మోడర్న్ హిస్టరీ’ 1997లో మినెసోటా విశ్వవిద్యాలయం అండతో మొదలైంది. అచ్చువేసేది లైడెన్‌లోని బ్రిల్. ఆ దుకాణం 1683లో తెరిచారు; అప్పుడు గోల్కొండ గద్దె మీద తానీషా, పక్కన మంత్రి మాదన్న. తొలి ఆధునిక యుగం మీద పత్రిక పెట్టి, ఆ యుగపు వర్తకుడినే వెతికి పట్టుకున్నారు. ఔచిత్యానికి లోటు లేదు.

పద్ధతి మాత్రం పాత కంపెనీని మించింది. పరిశోధకుడు హేగ్‌లో కిలోమీటరు పైచిలుకు పొడవున్న కంపెనీ దస్తాల్లో కళ్లు అరగదీసుకుని, పాత డచ్చి నేర్చుకుని, వాక్యానికో ఫుట్‌నోటు తగిలించి వ్యాసం పంపుతాడు. ఏగానీ ముట్టదు. దాన్ని పరీక్షించే పేరులేని పండితులకూ ముట్టదు. వాళ్లలో ఒకాయన తన పుస్తకం ఊసెత్తలేదని నెలల తరబడి అలుగుతాడు. అచ్చయ్యాక చదవాలంటే విశ్వవిద్యాలయం చందా కట్టాలి. జీతమిచ్చి ఆ వ్యాసం రాయించిందీ విశ్వవిద్యాలయమే! అందరూ ఉచితంగా చదవాలని ధర్మబుద్ధి పుడితే రుసుము రచయిత వైపు నుంచే కట్టాలి. నేసిన తానుకు నేతగాడి చేతే కప్పం కట్టించే ఉపాయం మచిలీపట్నం కొఠీ దొరలకు తట్టనే లేదు, పాపం.

ఇంతకీ వ్యాసంలో ఏముంటుందంటారా? కంపెనీ గుత్తాధిపత్యం మీద నిప్పులు చెరిగే విమర్శ. హక్కుల పత్రం మీద సంతకం పెట్టాకే అది వెలుగు చూస్తుంది. ప్రతిఫలం అసలే లేదనకండి, ప్రమోషన్ దరఖాస్తులో ఒక వరస పెరుగుతుంది.

పాలకొల్లులో చరిత్ర చెప్పే లెక్చరరు ఎవరైనా తమ ఊరి గురించి ఏం రాశారో చూద్దామని వెళ్తే సారాంశం వరకే దర్శనం, గర్భగుడి టిక్కెట్టు యూరోల్లో. మొహమాటపడుతూ రచయితకే మెయిలు పెడితే, ఆయన పీడీఎఫ్ చాటుగా పంపేస్తాడు. కంపెనీ ఉద్యోగులు దీన్ని సొంత వర్తకం అనేవారు, పట్టుబడితే కొలువు ఊడేది.