భయగ్రంథ సంగ్రహ శాస్త్రం

చదరంగానికి శాస్త్రం ఉంది. ఏనుగులను పట్టడానికీ మచ్చిక చేయడానికీ శాస్త్రం ఉంది. కన్నం వేయడానికి కూడా శాస్త్రం ఉండేదని పెద్దలు చెబుతారు. కానీ చిన్న ప్రచురణకర్తలు వెయ్యికి అటూ ఇటూ కాపీలు వేసే దయ్యాల పుస్తకాలను వెదికి, కొని, పోగేసి, ఆపైన చదవకుండా దాచుకునే వ్యసనాన్ని మాత్రం పండితులు చిన్నచూపు చూశారు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

శాస్త్రమన్నాక ముందు నాలుగు సంగతులు చెప్పాలి. విషయం: ముఖ్యంగా అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ వెలువడిన భయకథల పుస్తకాలు, పత్రికలు. ప్రయోజనం: అలమర నిండడం, పర్సు ఖాళీ కావడం. సంబంధం: మొదట పుస్తకానికీ పాఠకుడికీ, తర్వాత పాఠకుడికీ పోస్టుమాన్‌కూ. ఇక అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు: రాత్రిపూట ఒంటరిగా చదివే ధైర్యం, పార్సిల్ కోసం నెలల తరబడి కాచుకునే ఓపిక, కొన్న ధరను ఇంట్లో సగానికి తగ్గించి చెప్పగల నేర్పు, ఈ మూడూ ఉన్నవాడు. మూడోది ఒక్కటే ఉన్నా ప్రవేశానికి అభ్యంతరం లేదు.

మొదటి సూత్రం: కథ దొరికినవాడు పాఠకుడు, పుస్తకం దొరకనివాడు సంగ్రాహకుడు.

మిగిలినదంతా దీనికి వ్యాఖ్యానమే.

ప్రమాణ ప్రకరణం

ఫలానా పుస్తకం ఒకటుందని పాఠకుడికి ఎలా తెలుస్తుంది? నైయాయికులు జ్ఞానానికి నాలుగు దారులు చెప్పారు. భయగ్రంథ జ్ఞానానికీ అవే దారులు.

ప్రత్యక్షం: కంటితో చూడడం. 1923 మార్చిలో షికాగో నుంచి ‘వియర్డ్ టేల్స్’ అనే పత్రిక మొదలైంది. వెల ఇరవై అయిదు సెంట్లు. 1930లలో దాని ముఖచిత్రాలను ఎక్కువగా మార్గరెట్ బ్రండేజ్ రంగుసుద్దలతో వేసేది. ప్రమాదంలో చిక్కుకున్న అమ్మాయి, చాలీచాలని బట్టలు, వెనక ఎవడో దుర్మార్గుడు. పత్రికల దుకాణం ముందు నిలబడ్డవాడి కన్ను అక్కడ ఆగేది. ఈ బొమ్మలు తగునా తగదా అని పాఠకులు ఉత్తరాలు రాసి పోట్లాడుకున్నారు. తగదన్నవాళ్ళు కూడా బొమ్మను శ్రద్ధగా చూశాకే రాశారన్నది గమనించాలి. ప్రత్యక్షం అంత బలమైన ప్రమాణం.

శబ్దం: ఆప్తవాక్యం, అంటే నమ్మదగినవాడి మాట. ఆ పత్రికలోనే ‘ది ఐరీ’ అని పాఠకుల ఉత్తరాల శీర్షిక ఉండేది. ఎవరి కథ బాగుంది, ఎవరిది తేలిపోయింది, ఏ పాత కథ మళ్ళీ వేయాలి అన్నవన్నీ అక్కడ తేలేవి. ముక్కూ మొహం తెలియని ఊరివాడు ఇంకో ఊరివాడికి అక్కడ గురువయ్యేవాడు. చిన్న ప్రచురణల పుట్టుకలో ఈ ఉత్తరాల పాత్ర చాలా ఉంది. ఆప్తుడికి ఉండవలసిన లక్షణం ఒకటే: చెప్పేవాడి దగ్గర అమ్మకానికి అదే పుస్తకం ఉండకూడదు.

ఉపమానం: తెలిసినదాని పోలికతో తెలియనిదాన్ని తెలుసుకోవడం. గవయం ఆవులా ఉంటుందని విన్నవాడు అడవిలో దాన్ని చూసి గుర్తుపట్టినట్లు. కేంబ్రిడ్జిలో ఎం. ఆర్. జేమ్స్ అనే పండితుడు క్రిస్మస్ వేళ స్నేహితులకు తన దయ్యం కథలు చదివి వినిపించేవాడు. పాత చర్చి, పాత తాళపత్రం లాంటి ఏదో రాతప్రతి, దాన్ని కదిపిన పండితుడు, కదిపినందుకు వెంటపడిన ఏదో ఒకటి: ఇదీ ఆయన బాణీ. ఆయన 1936లో పోయాడు, బాణీ మిగిలింది. 1979లో రోజ్‌మేరీ పార్డో ‘గోస్ట్స్ అండ్ స్కాలర్స్’ అనే చిన్న పత్రికను ఆ బాణీకే అంకితం చేసి నడిపింది. ‘జేమ్స్ తరహా’ అన్న రెండు మాటలు చాలు, గవయాన్ని వెదికేవాడు చందా కట్టేస్తాడు. వచ్చింది గవయమో గాడిదో తర్వాత చూసుకుంటాడు.

అనుమానం: పొగను చూసి నిప్పుందనుకోవడం. దీనికి ఈ శాస్త్రంలో ఒక మహోదాహరణ ఉంది. 1982లో డొనాల్డ్ ఎం. గ్రాంట్ అనే చిన్న ప్రచురణకర్త స్టీఫెన్ కింగ్ రాసిన ‘ది డార్క్ టవర్: ది గన్‌స్లింగర్’ను పదివేల కాపీలు వేశాడు. కింగ్ పుస్తకాలు లక్షల్లో అమ్ముడుపోతున్న రోజులవి. అయినా ఇది అయినవాళ్ళ మధ్యే చల్లగా అమ్ముడైపోయింది. మరుసటి ఏడు ‘పెట్ సెమెటరీ’ వచ్చింది. దాని మొదట్లో, ఎవరూ చదవని పేజీలో, రచయిత ఇతర రచనల జాబితాలో ‘ది డార్క్ టవర్’ అన్న పేరు కూడా అచ్చయింది. అంతే. ఇదేమిటి, మాకు తెలియకుండా ఎప్పుడు వచ్చింది, ఎక్కడ దొరుకుతుంది అంటూ రచయితకూ ప్రచురణకర్తలకూ ఉత్తరాలు వెల్లువెత్తాయి. పొగ ఒక్క పంక్తి, నిప్పు ఊరంతా. 1984లో ఇంకో పదివేలు వేశారు. చాలలేదు. 1988లో పేపర్‌బ్యాక్ వచ్చాకగాని మామూలు పాఠకుడి చేతికి అందలేదు.

ఇందులో విచిత్రమేమిటంటే అది భయకథే కాదు. ఎడారిలో తుపాకీవీరుడి కథ. లేదన్న మాటే పాఠకులను భయపెట్టింది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు నవలలు తిరగేసేవారికి ఈ ప్రకరణం చెప్పే నీతి: మొదటి పేజీల జాబితా వదలకండి. కథ భయపెట్టేది ఆ రాత్రికే; జాబితా ఏళ్ళ తరబడి నిద్రపోనివ్వదు.

అభావ ప్రకరణం

ఇప్పుడు శాస్త్రానికి గుండెకాయ లాంటి భాగం. లేకపోవడం కూడా ఒక పదార్థమేనని, అది నాలుగు విధాలని ‘తర్కసంగ్రహం’ చెబుతుంది. ఆ గ్రంథకర్త అన్నంభట్టు ఆంధ్రుడని ప్రసిద్ధి. ఆయన కుండను ఉదాహరణగా తీసుకున్నాడు. కుండకు బదులు పుస్తకం పెట్టి చూస్తే ఆ విభాగం సంగ్రాహకుల కోసమే చేసినట్టుంటుంది.

ప్రాగభావం: పుట్టకముందు లేకపోవడం. ప్రకటన వచ్చింది, డబ్బు పంపాం, పుస్తకం రాలేదు. 1937లో భయకథల రచయిత హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ చనిపోగానే ఆయన శిష్యులు ఆగస్ట్ డెర్లెత్, డొనాల్డ్ వాండ్రే గురువుగారి ఉత్తరాలు పోగుచేసి అచ్చువేయాలని సంకల్పించారు. మొదటి సంపుటం 1965లో వచ్చింది. అయిదోది, చివరిది, 1976లో వచ్చింది. డెర్లెత్ 1971లోనే పోయాడు. సంకల్పానికీ సమాప్తికీ మధ్య దాదాపు నలభై ఏళ్ళు. ఇంకో ఉదాహరణ: లవ్‌క్రాఫ్ట్ ‘ది షన్డ్ హౌస్’ కథ 1928లోనే అచ్చయింది, బైండు మాత్రం కాలేదు. ఆ ఫారాలు చేతులు మారుతూ, కట్టలుగా పడి ఉంటూ, చివరికి 1961లో ఓ వంద కాపీలు అట్ట కట్టుకున్నాయి. పుట్టీ పుట్టకుండా ముప్పై ఏళ్ళు! దయ్యాల పుస్తకానికి ఇంతకంటే తగిన జాతకం ఉండదు.

ప్రధ్వంసాభావం: ఉండి నశించడం. ‘వియర్డ్ టేల్స్’ అచ్చయింది చవక గుజ్జు కాగితం మీద. ఆ కాగితంలోని ఆమ్లమే దాన్ని తింటుంది. ముందు పసుపు, తర్వాత గోధుమరంగు, చివరికి పేజీ తిప్పితే పొడి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో పాత కాగితం సేకరించినప్పుడు దేశభక్తిగల తల్లులు అటకల మీది పత్రికలన్నీ తూకానికి వేశారు. మిగిలినవాటి ధర పెరగడానికి ఆ తల్లులే కారణం.

అన్యోన్యాభావం: ఇది అది కాకపోవడం. కుండ బట్ట కాదు, రెండో ముద్రణ మొదటి ముద్రణ కాదు. రే బ్రాడ్‌బరీ మొదటి పుస్తకం ‘డార్క్ కార్నివాల్’ 1947లో 3,112 కాపీలు వేశారు. అందులోని పలు కథలను ఆయనే సానపట్టి 1955లో ‘ది అక్టోబర్ కంట్రీ’లో చేర్చాడు. అది హాయిగా దొరుకుతుంది. అయినా సంగ్రాహకుడికి మొదటిదే కావాలి. మెరుగైన కథలు చవగ్గా దొరుకుతుంటే మెరుగుపడని కథలకు వందరెట్లు పెడతావేమయ్యా అని అడిగితే, అతడు మనల్ని జాలిగా చూస్తాడు.

ఈ అభావానికి పరాకాష్ఠ 1936లో వచ్చిన ‘ది షాడో ఓవర్ ఇన్స్‌మౌత్’. లవ్‌క్రాఫ్ట్ బతికుండగా పుస్తకంగా వెలువడి అమ్మకానికి వచ్చిన కథ అదొక్కటే. పెన్సిల్వేనియాలో విలియం క్రాఫర్డ్ అనే ఔత్సాహికుడు సుమారు నాలుగు వందలు అచ్చువేసి అందులో సగమే బైండు చేయించాడు. నిండా అచ్చుతప్పులు. అందుకని తప్పొప్పుల పట్టీ ఒకటి జతచేశాడు. ఇవాళ సంగ్రాహకులు తప్పులు లేని కాపీ అడగరు, పట్టీ ఉందా లేదా అని అడుగుతారు. తప్పుకు విలువ, తప్పు ఒప్పుకున్న చీటీకి ఇంకా విలువ కట్టిన శాస్త్రం ఇదొక్కటే.

అత్యంతాభావం: ఏ కాలంలోనూ లేకపోవడం. లవ్‌క్రాఫ్ట్ తన కథల్లో ‘నెక్రోనమికాన్’ అనే భయంకర గ్రంథాన్ని కల్పించాడు. పిచ్చి అరబ్బు ఒకడు రాశాడన్నాడు. ఏయే గ్రంథాలయాల్లో ప్రతులున్నాయో కూడా చెప్పాడు. ఎక్కడ దొరుకుతుందని పాఠకులు ఉత్తరాలు రాస్తే, అది నా కల్పనే బాబూ అని జవాబిచ్చుకోవలసి వచ్చింది. పాఠకులు ఆగారా? 1977లో అదే పేరుతో ఒక పుస్తకం తోలు బైండుతో వచ్చింది. కాపీలు సరిగ్గా 666. బైబిలు ప్రకారం అది మృగసంఖ్య. లేని పుస్తకానికి పరిమిత ముద్రణ, దానికి పోటీ! దీంతో మన మొదటి సూత్రం నిర్వివాదంగా సిద్ధించింది.

పూర్వపక్షం, సిద్ధాంతం

ఇక్కడ ఒక శంక. ‘ఇదంతా ప్రచురణకర్తల మాయ. కావాలనే తక్కువ వేసి, సంతకం పెట్టించి, నంబరు వేసి, ఎగబడేలా చేస్తారు. కొరత వాళ్ళు పుట్టించినదే.’ సంతకాల ముద్రణలను చూసినవాడు ఈ మాట అనక మానడు. అందులో కొంత నిజమూ ఉంది.

కానీ ఈ సంప్రదాయానికి మూలపురుషుల సంగతి చూడాలి. లవ్‌క్రాఫ్ట్ కథలను పుస్తకంగా వేయమని డెర్లెత్, వాండ్రే పెద్ద ప్రచురణ సంస్థల గడప తొక్కారు. ఎవరూ ఒప్పుకోలేదు. సరే, మనమే వేద్దామని విస్కాన్సిన్‌లో సాక్ సిటీ అనే చిన్న ఊళ్ళో 1939లో ‘ఆర్కమ్ హౌస్’ పెట్టారు. గురువు కథల్లోని కల్పిత నగరం పేరే సంస్థకు పెట్టుకున్నారు. ఇల్లు కట్టుకోవడానికి తెచ్చిన అప్పులోంచే డెర్లెత్ అచ్చుకు సొమ్ము సర్దాడు. మన దగ్గర ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవారు పుస్తకం వేసి చూడమనడం మరిచారు. అలా వచ్చింది ‘ది అవుట్‌సైడర్ అండ్ అదర్స్’. 1,268 కాపీలు, వెల అయిదు డాలర్లు. ముందే డబ్బు పంపితే మూడున్నరకే ఇస్తామన్నారు. నూట యాభై మంది పంపారు. మిగతావి అమ్ముడుపోవడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఇదీ సిద్ధాంతానికి ఆధారం. ఆ 1,268 అన్న అంకె వెనక ఏ మాయా లేదు. ఉన్న డబ్బుకు అంతకుమించి రాలేదు. ఇప్పుడు మంచి కాపీకి వేల డాలర్లు పలికే ఆ పుస్తకం, నాలుగేళ్ళపాటు అయిదు డాలర్లకు పడి ఉంది. అప్పుడు అడిగినవాడు లేడు. కాబట్టి రెండో సూత్రం: కొరతను పుట్టించేది ప్రచురణకర్త కాదు, దొరికినప్పుడు కొనని పాఠకుడు.

ఆ తర్వాత వచ్చినవారు చాలామంది ఆ దారినే నడిచారు. 1988లో రిచర్డ్ చిజ్‌మర్ కాలేజీలో చదువుకుంటూనే ‘సెమెటరీ డాన్స్’ పత్రిక మొదలుపెట్టాడు. 1990లో ఇంగ్లండ్‌లో మొదలైన టార్టరస్ ప్రెస్, 1994లో మొదలైన యాష్-ట్రీ ప్రెస్ పాత దయ్యం కథలను కొన్ని వందల కాపీల చొప్పున మళ్ళీ వెలుగులోకి తెచ్చాయి. పెద్ద సంస్థలు మరిచిపోయిన రచయితలకు ఇక్కడే పునర్జన్మ దొరికింది. లవ్‌క్రాఫ్ట్ కథలు ఇవాళ అన్ని దుకాణాల్లోనూ ఉన్నాయంటే, ఆనాడు ముందే డబ్బు పంపిన ఆ నూట యాభై మంది పుణ్యం అందులో ఉంది.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని చదివినవాడికి అలమర, విన్నవాడికి అప్పు సిద్ధిస్తాయి. పాత పుస్తకం వేలంలో పోగొట్టుకున్నవాడికి ఊరట కలగదు; అలాంటి మాట ఏ శాస్త్రమూ ఇవ్వలేదు. ఆచరణకు వచ్చేసరికి విధి ఒక్కటే: ఎవరో ఒకరు ఇంటి డబ్బు పెట్టి నడుపుతున్న చిన్న పత్రిక మీకు నచ్చితే, ఈ నెలే చందా కట్టండి, నచ్చిన పుస్తకం ముద్రిత ధరకు దొరుకుతుండగానే కొనండి. రేపు చూద్దామనుకున్నవాడికి ఈ శాస్త్రంలో ప్రాయశ్చిత్తం చెప్పలేదు.