మీట నొక్కితే రామదాసు

ఆ బీటు ఇంకా నా తలలోంచి దిగలేదు. ధుం తక్క, ధుం తక్క, నాలుగోదానికి ఓ టింగు. పళ్లు తోముకుంటుంటే వస్తుంది. పాల్వంచ దాటాక బస్సు గతుకుల్లో పడితే సరిగ్గా తాళానికి పడుతుంది. రాత్రిపూట ఫ్యాను కూడా అదే వాయిస్తోంది. ఏ ఐటెం సాంగో మోసుకొచ్చిన బీటైతే వదిలేసేవాణ్ణి. ఇది రామదాసు కీర్తన కింద పరిచిన బీటు. ఇప్పుడా కీర్తన గుడి మైకులో వచ్చినా సరే, నా చెవి తనంతట తనే కింద ధుం తక్క చేర్చుకుంటోంది. విజయవాడ రేడియో భక్తిరంజనిలో బాలమురళీకృష్ణ గొంతున విన్న పాటలివి. ఆ గొంతు కిందికి కూడా దూరింది టింగు.

అంతా మా బాబాయి షష్టిపూర్తి పుణ్యం. డాలస్‌లో ఉండే మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, అక్కడెక్కడో ఒక కచేరీ చూశాడట. ఒక పియానో, ఒక సొప్రానో గాయని, సగం శాస్త్రీయం, సగం అందరూ పాడుకునే పాటలు. నాన్నకీ అలాంటిదే కావాలన్నాడు. అక్కడ డాలర్లు కదిలితే ఇక్కడ కార్డు అచ్చయింది: పియానో, సొప్రానో సంగీత విభావరి, వేదిక భద్రాచలంలో ఫలానా ఫంక్షన్ హాలు, తదుపరి విందు. కార్డు చూసిన వాళ్లందరూ చివరి రెండు మాటలూ శ్రద్ధగా చదివారు.

పియానో రాలేదు. ఎలా వస్తుంది? పెద్ద కచేరీ పియానో అయిదు క్వింటాళ్ల దాకా తూగుతుంది. రైలెక్కిద్దామంటే భద్రాచలం రోడ్ స్టేషను భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది. పేరు నమ్మి దిగిన భక్తులే అక్కణ్ణుంచి నలభై కిలోమీటర్లు బస్సులో పడి రావాలి. కాబట్టి పియానో స్థానంలో నల్ల సంచీలో ఒక కీబోర్డు, మడత స్టాండుతో సహా ఆటోలో దిగింది.

జనం మాత్రం పియానో కోసమే ఎదురుచూశారు. ఆ తప్పు జనానిది కాదు, తెలుగు సినిమాది. మనలో నూటికి తొంభై మందికి పియానోతో ముఖపరిచయం లేకపోయినా చుట్టరికం ఉంది. నలుపు తెలుపు కాలంలో పియానో లేని బంగళా ఉండేదా? రెండువైపులా మలుపు తిరిగి దిగే మెట్లు, మధ్యలో హాలు, హాల్లో ఓ మూల పియానో. ఆ ఇంట్లో దాన్ని వాయించేవాళ్లు ఎవరూ ఉండరు. జమీందారుగారు ఎస్వీ రంగారావు, ఆయనకు పైపు తప్ప మరో వాయిద్యం రాదు. అమ్మాయిగారికి వీణ వచ్చు. మరి పియానో ఎందుకు? హీరో వస్తాడని. అమ్మాయిగారి పుట్టినరోజు నాడు, అద్దె గదిలో ఉంటూ కుట్టుమిషన్ తొక్కే తల్లి చేతి అన్నం తిని పెరిగిన హీరో, ఎవరో బతిమాలగానే వెళ్లి స్టూలు మీద కూర్చుంటాడు. ఇంటర్వ్యూకి వేసుకునే చొక్కా లేదని నిన్ననే ఏడ్చాడు, ఇవాళ సూటు. ఎప్పుడు నేర్చుకున్నాడు? ఎవరి దగ్గర? ఆ గురువుకి జీతం ఏ మిషన్ మీద కుట్టి కట్టింది ఆ తల్లి? దర్శకుడూ చెప్పడు, మనమూ అడగం. చేతులు ఎడమకి పోతుంటే స్వరం కుడికి పోతుంది. వేళ్లు ఆగిపోయినా పియానో ఆగదు, ఘంటసాల పాడుతున్నంతసేపూ దానికి బాధ్యత తెలుసు. చుట్టూ అతిథులు నారింజరసం గ్లాసులు పట్టుకుని నిలబడతారు. మూడు చరణాలయ్యేదాకా ఆ రసం ఎవరూ తాగరు, గ్లాసు ఎవరూ కింద పెట్టరు. పాటంతా హీరోయిన్‌ను దెప్పుతూనే సాగుతుంది, హాల్లో ఆమెకు తప్ప ఎవరికీ అర్థం కాదు. రాజనాలకు సగం అర్థమవుతుంది, అందుకే కనుబొమ్మ లేపుతాడు. మెట్ల మీద గుమ్మడి గుండె పట్టుకుంటాడు. పాట అయిపోగానే పియానో అనాథ. తర్వాతి రీళ్లలో బంగళా వేలానికొచ్చినా ఆ పియానోని పాడుకున్నవాణ్ణి నేను చూడలేదు. నా అంచనా, వాహినీలోనో భరణీలోనో ఒకే పియానో ఇరవై ఏళ్లు అన్ని బంగళాలూ తిరిగి ఉంటుంది. దాని ఆత్మకథ ఎవరైనా రాస్తే ముందే డబ్బు కట్టి కొంటాను.

అంత చుట్టరికం ఉన్న జనం ముందు మడత స్టాండు పెడితే ఏమవుతుంది? పక్కవాడు అడిగాడు, "పియానో వచ్చేలోపు టైంపాసుకా ఇది?"

గాయని మాత్రం అసలైన గాయని. సొప్రానో అంటే ఆడగొంతుల్లో అన్నిటికన్నా పై అంతస్తు. మైకు లేకుండా వాద్యబృందాన్ని దాటుకుని చివరి కుర్చీ దాకా వెళ్లేట్టు సాధన చేసిన గొంతు అది. ఆ సంగతి మా సౌండ్ బాక్సుల అబ్బాయికి ఎవరూ చెప్పలేదు; చెప్పినా వినడు, ఎకో పెట్టకపోతే అతనికి కూలి గిట్టినట్టుండదు. 2014 తర్వాత మా భద్రాచలం తెలంగాణలో, కూతవేటులో ఉన్న ఎటపాక ఆంధ్రలో ఉన్నాయి. ఆమె మొదటి ఆలాపన ఒక రాష్ట్రంలో ఎత్తుకుని రెండో రాష్ట్రంలో దించింది.

"ఏంది నాయనా, ఆ పిల్లకేమయింది?" అంది పిన్ని కంగారుగా.

పుచ్చినీ రాసిన 'జాన్నీ స్కీక్కీ' అనే సంగీత నాటకంలోది, 1918 నాటిదని చెప్పాను. నచ్చినవాడితో పెళ్లి చేయకపోతే వంతెన మీంచి నదిలో దూకుతానని ఆ పిల్ల తండ్రిని బెదిరిస్తోందని అర్థం చెప్పాను. అది ఇటలీలో ఆర్నో నది. పిన్ని మాత్రం కిటికీలోంచి గోదావరి వంతెన వైపు చూసింది. "అబ్బాయి బుద్ధిమంతుడైతే చేసేయొచ్చుగా, ఆ తండ్రికేం రోగం?" అని పక్క వరుసకి చెప్పింది. పక్క వరుస వెనక వరుసకి చెప్పింది. పాట అయ్యేసరికి హాలంతా పిల్ల పక్షం. ఆ సాయంత్రం నిజంగా అందరూ విన్న పాట, నన్నడిగితే, భాష తెలియని ఆ ఒక్కటే.

ఆ తర్వాత చీటీలు మొదలయ్యాయి. చీటీల గురించి మీకు చెప్పేదేముంది. "సార్, ఒక మాస్ పాట." "మేడమ్, పెళ్లికూతురి మేనమామ కోరిక." ఇది షష్టిపూర్తి కదయ్యా, మేనమామ ఎక్కణ్ణుంచొచ్చాడు? యాంకరు ప్రకటించాడు: మాస్ కంటే ముందు భక్తి, భద్రాద్రిలో ఉన్నాం కదా, ఒక రామదాసు కీర్తన. అన్ని చోట్లా ఇదే వరస. కీర్తన అంటే సినిమా పాటల ఊళ్లోకి వెళ్లే ముందు టోల్‌గేటు దగ్గర కట్టే రుసుము. కట్టేస్తే ఇక మనల్ని ఎవరూ ఆపరు. ఆమె శ్రుతి అందుకుంది. కీబోర్డు అబ్బాయి ఎడమచేత్తో ఒక మీట నొక్కాడు. ధుం తక్క.

ఏ కీర్తనకయ్యా ఆ మీట? రామదాసుగా మారిన గోపన్న మా నేలకొండపల్లి వాడు, పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో గుడి కట్టి, తానీషా చేత గోల్కొండ జైల్లో పడ్డాడు, పన్నెండేళ్లంటారు. ఆడిట్ అభ్యంతరాలకు పాటలో జవాబిచ్చిన ఉద్యోగి దేశంలో ఆయనొక్కడే. సీతమ్మకు ఏ నగ చేయించాడో, దేనికెన్ని మొహరీలయ్యాయో పద్దు విప్పుతాడు. ఇదంతా మీ నాన్నిచ్చాడా, మీ మామ పంపాడా అని రాముణ్ణి నిలదీసేదాకా పోతాడు. దెబ్బలకోర్వలేక తిట్టాను, ఏమీ అనుకోకు అని మళ్లీ తనే కాళ్ల మీద పడతాడు. ఇటలీ పిల్ల తండ్రిని బెదిరించినట్టే, కాకపోతే ఈయన వంటి మీద నిజంగానే కొరడా ఉంది. ఆ పద్దు మీద ధుం తక్క పడింది. పిల్లలు స్టెప్పులేశారు. ఒకాయన లేచి అయిదొందల నోటు తిప్పాడు.

కలపడం తప్పని నేననను. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర మణలిలో ఉన్నప్పుడు ఇంగ్లీషు బ్యాండు మెట్లు విని వాటికి సంస్కృత సాహిత్యం కూర్చాడు. బ్రిటిష్ రాజుగారి జాతీయగీతం వరసలో అమ్మవారి స్తుతి ఉంది. అక్కడ ఆయన పాశ్చాత్య వరసను పాశ్చాత్యంగానే ఉండనిచ్చాడు, గమకాలతో సాగదీయలేదు. 1980లో శంకరాభరణం వచ్చినప్పుడు శంకరశాస్త్రికి గొంతిచ్చిన బాలసుబ్రహ్మణ్యం సంప్రదాయ శిక్షణ ఉన్నవాడు కాదు, అయినా ఊరూరా రిక్షావాళ్ల చేత శాస్త్రీయం పాడించాడు. హార్మోనియాన్ని మెట్ల వాయిద్యమనీ, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉండే గమకం దానికి పలకదనీ ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా గుమ్మం తొక్కనివ్వలేదు. అదే హార్మోనియం పక్కన పెట్టుకుని మన హరిశ్చంద్రులు కాటిసీను పద్యాలకు తెల్లవార్లూ వన్స్‌మోర్‌లు కొట్టించుకున్నారు. ఎందుకంటే హార్మోనిస్టు నటుడి ముఖం చూస్తూ వాయించేవాడు. నటుడు ఊపిరి పీల్చుకుంటే తనూ ఆగేవాడు. మీటలోని బీటు ఎవరి ముఖమూ చూడదు. పాడే మనిషి గొంతు బిగిసినా, జైల్లో ఉన్నా, వంతెన మీద ఉన్నా దానికి ఒకటే నడక. నా కడుపుమంట అదీ.

భోజనాలప్పుడు ఆ కీబోర్డు అబ్బాయిని పట్టుకున్నాను, నాలుగు దులుపుదామని. పాతికేళ్లుంటాయేమో. దుమ్ముగూడెం వైపు కోయ గూడెం వాడు, చర్చిలో వాయించి నేర్చుకున్నాడట. 1860ల్లో గోదావరి పనుల మీదొచ్చిన ఇంజనీరు హేగ్ చొరవతో మొదలైన మిషన్ అక్కడిది. ఆదివారాలు పురుషోత్తమ చౌదరి కీర్తనలు వాయిస్తాడు, అవీ మన రాగాలే. "చర్చిలో బీటు పెట్టను సార్, పాస్టరుగారు ఊరుకోరు. ఇక్కడ పెట్టకపోతే మళ్లీ పిలవరు," అన్నాడు. దులపడానికి నా దగ్గరేం మిగల్లేదు.

పెట్టెలో ఏమేమున్నాయో చూపించాడు. పియానోలే ఎన్నో రకాలు. చర్చి ఆర్గాను, జపాన్ తంతి వాయిద్యం, హెలికాప్టరు, పక్షులు, చప్పట్లు. డోలు ఉందా, మీ డోలు, అనడిగాను. తల అడ్డంగా ఊపాడు. మణుగూరు దగ్గరి కూనవరంలో సకిని రామచంద్రయ్య ఉండేవాడు. కోయల వంశగాథలు, సమ్మక్క సారలమ్మల కథ పుస్తకం లేకుండా గొంతులో మోసిన మనిషి. కంచుమేళం, కంచుతాళం ఆయనవి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో పోయాడు. ఆ హాలుకి రెండు గంటల దూరం కూడా లేని ఊరు. అరవై ఏళ్ల పండగకి డాలస్ నుంచి పుచ్చినీని తెచ్చుకున్నాం, ఇన్నేళ్లలో ఏ పెళ్లికీ ఆయన్ని పిలవాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

"రికార్డు చేసి ఇందులో ఎక్కించొచ్చు సార్. ఎవరైనా అడగాలి కదా," అన్నాడా అబ్బాయి పప్పు కలుపుకుంటూ.

రాత్రి డాలస్ నుంచి వీడియో కాల్. "అన్నయ్యా, ఎలా జరిగింది? వచ్చేసారి ఖమ్మంలో భక్త రామదాసు కళాక్షేత్రంలో పెడదాం. నిజం పియానోతో. లారీ ఎంతవుతుందో కనుక్కో." కనుక్కుంటాలే గానీ, కీబోర్డు అబ్బాయికి రావాల్సిన సగం డబ్బులు ముందు పంపమన్నాను. సిగ్నల్ సరిగా లేదు, వినబడట్లేదన్నాడు.