ట్రాక్టరు కరెంటు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కొలచల మల్లినాథసూరిది మెదక్ దగ్గరి కొల్చారం. వ్యాఖ్య రాయడానికి ఆయనకు కాళిదాసు దొరికాడు. నాకు ట్రాక్టరు వెనక తగిలించే జనరేటరు దొరికింది. ఎవరి ప్రాప్తం వారిది. ఈ విషయం మీద ప్రాచీనులెవరూ పద్యం చెప్పి పుణ్యం కట్టుకోలేదు గనక మూలం కూడా నేనే రాసుకోవాల్సి వచ్చింది. తన పద్యానికి తనే టీక రాసుకునేవాణ్ణి పండితులు మెచ్చరు. కాని వ్యాఖ్యాతకు కవి హృదయం అందలేదన్న నింద మాత్రం నా మీద పడదు.

ఇక సందర్భం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలకూలాయి, వాటితోపాటే కరెంటు స్తంభాలూ. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖను చీకట్లో కూర్చోబెట్టింది. అలాంటి రోజుల్లో వాకిట్లో ట్రాక్టరున్న ఆసామికి ఒక ఆలోచన తడుతుంది: నలభై అయిదు గుర్రాలు ఊరికే నిలబడి ఉన్నాయి కదా, వాటిచేత ఫ్యాను తిప్పించలేమా? భేషుగ్గా తిప్పించొచ్చు. అందుకు సొంత ఇంజనున్న జనరేటరు అక్కర్లేదు, వట్టి ఆల్టర్నేటరు చాలు. బండి వెనక ఉండి రోటవేటరును తిప్పే పీటీవో షాఫ్టే దీన్నీ తిప్పుతుంది. ఎంతది కొనాలి, ఎలా తగిలించాలి, తగిలించాక ఎవరికీ ఏమీ కాకుండా ఎలా చూసుకోవాలి అన్నవి ప్రస్తుతాంశాలు.

మూలం (తేటగీతి)

బండి గుర్రాల సగపాలె పవరు దక్కు
తొలుత మోటారు పలురెట్లు దోచునయ్య
తిరుగు వేగమ్ము తప్పిన దీపమేడ్చు
మార్చు మీట పెట్టకయున్న మనిషి చచ్చు

ప్రతిపదార్థం

బండి = ట్రాక్టరుయొక్క; గుర్రాల = హార్స్‌పవరులో; సగపాలె = సగము మాత్రమే; పవరు = కిలోవాట్ల రూపమున; దక్కున్ = చేతికి వచ్చును; తొలుత = స్విచ్చి వేసిన క్షణమున; మోటారు = బోరులోనిది గాని, ఫ్రిజ్జు వెనుకది గాని; పలురెట్లు = అయిదారింతలు; దోచున్ = లాగుకొనును; అయ్య = ఓ ఆసామీ; తిరుగు వేగమ్ము = పీటీవో నిమిషమునకు తిరుగవలసిన 540 చుట్లు; తప్పినన్ = తగ్గినను, హెచ్చినను; దీపము = బల్బు (టీవీ, ఫ్రిజ్జు మొదలగునవి కూడ ఇందు చేరును); ఏడ్చున్ = మొదట మిణుకుమని, పిదప మాడును; మార్చు మీట = ఛేంజోవర్ స్విచ్చి; పెట్టక ఉన్నన్ = బిగింపనిచో; మనిషి = (ఎవరో ముందు చెప్పబడును); చచ్చున్ = చచ్చును. ఈ పదమునకు వేరు అర్థము లేదు.

ఒకటవ పాదం

హార్స్‌పవరంటే 746 వాట్లు. ఆ లెక్కన 45 గుర్రాల బండి 33 కిలోవాట్లకు పైగా ఇవ్వాలి. కవి సగమే అంటాడేమని ఆక్షేపం. సమాధానం: బానెట్టు మీద రాసిన అంకె ఇంజనుది. పీటీవో దాకా వచ్చేసరికి అది 38, 40 మధ్యకు దిగుతుంది. అక్కడినుంచి గేరుపెట్టె కొంత, ఆల్టర్నేటరు కొంత వేడి రూపంలో మింగుతాయి. పైగా ఏ ఇంజనునూ గంటల తరబడి గొంతుదాకా నింపి తోలకూడదు. ఇవన్నీ పోగా కిలోవాటుకు రెండు గుర్రాలన్నది నమ్మదగిన లెక్క. 45కు ఇరవై రెండు. అందులోనూ కాస్త వెనక్కి తగ్గితే మరీ మంచిది.

దుకాణంలో కిలోవాట్లు మాట్లాడరు, కేవీఏ మాట్లాడతారు. దాన్ని 0.8తో గుణించుకోవాలి. 20 కేవీఏ అంటే 16 కిలోవాట్లు. 45 గుర్రాల బండికి అది హాయిగా సరిపోతుంది. దుకాణదారు 30 కేవీఏ చూపించి 'ముందు ముందు పనికొస్తుంది' అంటాడు. ముందు ముందు పెద్ద ట్రాక్టరు కూడా కొనాలన్న మాట మాత్రం చెప్పడు.

నిజానికి పల్లెటూరి ఇంటికి కావలసింది ఎంత? ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు, సీలింగు ఫ్యాను 75, ఫ్రిజ్జు నడుస్తుంటే 150 దరిదాపుల్లో, మిక్సీ అయిదారు వందలు, ఒకటిన్నర టన్నుల ఏసీ ఉంటే కిలోవాటున్నర. ఏసీ పక్కనపెడితే మొత్తం రెండు కిలోవాట్లు దాటడమే కష్టం. రెండు ఫ్యాన్ల కోసం ట్రాక్టరు స్టార్టు చెయ్యడమంటే పెళ్లివంటల గుండిగలో ఒక్క గ్లాసుడు టీ కాచుకోవడమే. బరువు బాగా ఉన్నప్పుడు లీటరు డీజిలుకు సుమారు మూడు యూనిట్లు వస్తాయి. బరువు లేకపోయినా ఇంజను ఆ వేగంతో తిరగాలి గనక డీజిలు తాగుతూనే ఉంటుంది. కాబట్టి ఫ్యానూ లైటూ ఇన్వర్టరుకు వదిలెయ్యాలి. ట్రాక్టరును రోజుకు రెండు గంటలు నడిపి, ఆ రెండు గంటల్లోనే ట్యాంకు నింపుకుని, ఫ్రిజ్జు గడ్డకట్టించుకుని, పిండి రుబ్బుకుని ఆపెయ్యాలి. ఇన్వర్టరు బ్యాటరీ కూడా అప్పుడే ఎక్కుతుంది గాని, 150 ఏహెచ్ బ్యాటరీ నిండడానికి పది గంటలదాకా కావాలి. రెండు గంటల్లో నిండుతుందనుకోవడం అత్యాశ.

రెండవ పాదం

ఆల్టర్నేటరు ఎంతది అన్న ప్రశ్నను తేల్చేది బల్బులు కాదు, మోటారు. అయిదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ తిరుగుతున్నప్పుడు నాలుగైదు కిలోవాట్లతో బుద్ధిగానే ఉంటుంది. మీట నొక్కిన ఆ ఒకటి రెండు క్షణాల్లో మాత్రం ఆరింతల కరెంటు లాగుతుంది. ఆల్టర్నేటరు చిన్నదైతే వోల్టేజి కుప్పకూలి, మోటారు తిరగలేక మూలుగుతూ చుట్ట (వైండింగు) మాడ్చుకుంటుంది. అందుకని అయిదు హెచ్‌పీ మోటారుకు 15 కేవీఏ అడగడం దుబారా కాదు. ఒక హెచ్‌పీ ఇంటి మోటారే ఉన్నవాడికి అయిదు కేవీఏ చాలు, అతడు 15 కొంటే దుబారా.

ఈ పాదంలో క్రమం కూడా సూచితం. 'తొలుత మోటారు' అన్నాడు. మొదట మోటారు ఎక్కించాలి, అది కుదుటపడ్డాకనే ఫ్రిజ్జు, ఆ తర్వాతే టీవీ. అన్నీ ఒకేసారి వేసి చూద్దామనే పిల్లవాడు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు, వాణ్ణి కాస్త దూరంగా పంపాలి.

మోటారు త్రీఫేజుదైతే ఆల్టర్నేటరూ త్రీఫేజుదే కావాలి. అప్పుడు ఇంటి బరువంతా ఒకే ఫేజు మీద వేలాడదీయకూడదు, మూడింటికీ పంచాలి. ఇది ఎలక్ట్రీషియను పని, వ్యాఖ్యాత పని కాదు.

మూడవ పాదం

మన దేశంలో కరెంటు క్షణానికి 50 సార్లు ఊగుతుంది. నాలుగు పోళ్ల ఆల్టర్నేటరు 50 ఇవ్వాలంటే నిమిషానికి 1,500 చుట్లు తిరగాలి. పీటీవో ఇచ్చేది 540. మధ్యనున్న గేరుపెట్టె దాన్ని రెండున్నర రెట్లకు పైగా పెంచుతుంది. పీటీవో 500కు జారితే 50 కాస్తా 46 అవుతుంది. ఫ్యాను నీరసిస్తుంది, మోటారు వేడెక్కుతుంది. ఎక్సలేటరు ఎక్కువ లాగితే వోల్టేజి ఎగసి టీవీకి నూకలు చెల్లుతాయి. అసలు కాలితో ఎక్సలేటరు తొక్కుతూ కరెంటు ఇస్తాననేవాడి దగ్గర వైరు కలపకూడదు. చేతి ఎక్సలేటరుతో మీటరు ముల్లును పీటీవో గుర్తు దగ్గర నిలబెట్టాలి. బరువు పడకముందు ఫ్రీక్వెన్సీ మీటరు 52 చూపిస్తుంటే, బరువు పడ్డాక 50కి దిగి నిలుస్తుంది. వోల్టు మీటరూ ఫ్రీక్వెన్సీ మీటరూ లేని డబ్బాను ఎంత చవకగా ఇచ్చినా కొనొద్దు. చుట్ట రాగిదా అల్యూమినియందా అన్నది కూడా బిల్లు మీద రాయించుకోవాలి, నోటిమాట చెల్లదు.

పాఠాంతరం: 'తిరుగు బెల్టమ్ము తప్పిన' అని కొందరు చదువుతారు. ఛందస్సుకు భంగం లేదు. పాత బండ్లకు కప్పీ తగిలించి బెల్టుతో తిప్పేవారి పాఠమిది. బెల్టు జారుతుంది, జారినప్పుడల్లా వేగం తప్పుతుంది, వేగం తప్పితే దీపం ఏడుస్తుంది. అర్థం తిరిగి తిరిగి మొదటి పాఠానికే వస్తుంది గనక బెల్టును ఆదరించనక్కర్లేదు.

విశేషం: తేటగీతిలో పట్టని ముచ్చట ఒకటి ఇక్కడ చెప్పాలి. 540 చుట్లంటే క్షణానికి తొమ్మిది. లుంగీ కొసో చున్నీ అంచో ఆ షాఫ్టుకు చిక్కితే 'అమ్మో' అనేలోగా అది తొమ్మిది చుట్లు చుట్టేసుకుంటుంది. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. గ్రీజు పెట్టడానికి అడ్డమని దాన్ని ఊడదీసి పశువుల శాల అటక మీద పడేయడం మన ఆచారం. ఆ తొడుగు అటక దిగనిదే బండి స్టార్టు చెయ్యకూడదు. పొగ ఇంట్లోకి రాకుండా బండిని గాలి ఇంటివైపు వీచని దిక్కున, ఆరుబయట నిలపాలి. మరొకటి: రబ్బరు చక్రాల మీద నిలబడ్డ బండికి భూమితో చుట్టరికం లేదు. ఆల్టర్నేటరు ఒంటికి వేరే ఎర్తు ఉండాలి. గొయ్యి తీసి ఉప్పూ బొగ్గూ వెయ్యడం ఊళ్లో అందరికీ తెలిసిన పనే, ఆ గోతిలో నాలుగు బిందెల నీళ్లు పొయ్యడమే మరిచిపోతారు.

నాలుగవ పాదం

కావ్యానికి ప్రాణం ఇక్కడుంది. 'మనిషి చచ్చు' అన్నాడు గాని ఏ మనిషి? మీట పెట్టని ఆసామి అని పామరులు అర్థం చెబుతారు. అది తప్పు. ఆసామి ఫ్యాను కింద కూర్చుని టీవీ చూస్తుంటాడు. చచ్చేది రెండు వీధుల అవతల, తీగలో కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్.

అదెలాగంటారా? ఊరి ట్రాన్స్‌ఫార్మరు 11 వేల వోల్టులను దించి మన ఇళ్లకు 230గా ఇస్తుంది. దానికి దిక్కు తెలియదు. అటునుంచి ఇస్తే దించుతుంది, ఇటునుంచి ఇస్తే ఎక్కిస్తుంది. రెండు కొసలా పిన్నులున్న వైరు తయారుచేసుకుని జనరేటరు కరెంటును గోడ సాకెట్లో దోపితే, ఆ 230 వోల్టుల కరెంటు మీటరు దాటి, వీధి తీగ పట్టుకుని, ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి, అవతల వేల వోల్టులై కూర్చుంటుంది. తెగిన తీగను ముడివేయబోయే చేతికి అది తగులుతుంది.

పూర్వపక్షం: 'మెయిన్ దించీసినాను కదేటి!'

సమాధానం: దించావు బాబూ. మొదటి రోజు దించావు. మూడో రోజు రాత్రి, నిద్రకళ్లతో, కరెంటు వచ్చిందేమో చూద్దామని మీ ఇంట్లోవాళ్లు దాన్ని ఎత్తారు. మనిషి గుర్తు మీద నడిచే ఏర్పాటు తుఫాను వారంలో నిలవదు. పైగా మామూలు మెయిన్ ఫేజును తెంపినా చాలాచోట్ల న్యూట్రల్‌ను అలాగే వదిలేస్తుంది. అసలైన మార్చు మీట న్యూట్రల్‌తో సహా అన్ని తీగలనూ ఇటు తెంపాకే అటు కలుపుతుంది. ఒకవైపు లైను, ఒకవైపు జనరేటరు, మధ్యలో ఏదీ కాదు. రెండూ ఒకేసారి కలపాలని పంతం పట్టినా దాని పిడి ఒప్పుకోదు.

మళ్లీ పూర్వపక్షం: 'ఊరి బరువంతా మీద పడితే నా జనరేటరు దానంతటదే ఆగిపోతుంది గదా, ఇక కరెంటు స్తంభం దాకా ఎలా పోతుంది?'

ఇది తెలివైన ప్రశ్న. మామూలు రోజైతే నిజంగానే ఆగిపోతుంది. కాని తుఫాను తర్వాత ఊరు ముక్కలుగా ఉంటుంది. మీ ఇంటి తీగకు మిగిలింది నాలుగిళ్లూ, ఆ ట్రాన్స్‌ఫార్మరూ కావచ్చు. ఆ నాలుగిళ్లలో చీకటికి జడిసి స్విచ్చిలన్నీ ఆపుకుని పడుకున్నవే మూడు. అప్పుడు ఆగదు. ఒకవేళ ఆగినా, ఆగేలోపు ఒక క్షణం ఉంది, మనిషికి అది చాలు.

లైన్‌మన్ సంగతి పట్టని కఠినాత్ముడికి స్వార్థపక్షం కూడా ఉంది. జనరేటరు కలిసి ఉండగా లైను కరెంటు వచ్చిందా, రెంటి ఊపూ కలవక పైనుంచి వచ్చిన బలం ఆల్టర్నేటరు మీద పడుతుంది. చుట్ట మాడుతుంది, షాఫ్టు మెలి తిరగొచ్చు. పోయేది అప్పుచేసి కొన్న సరుకు. దాని ధరతో పోలిస్తే మార్చు మీట ఖర్చు చిల్లర. అయినా బిల్లు కోసే వేళ బేరం పేరుతో ముందుగా ఎగిరిపోయేది అదే.

చివరి సందేహం: పక్కింటి పిన్నిగారు 'మాకూ ఒక్క ఫ్యానుకు ఇవ్వు నాయనా' అంటే? కాదనలేం. ఇవ్వొచ్చు. ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి కిటికీలోంచి వేసి, ఫ్యానును నేరుగా దాని కొసన తగిలించాలి, టేబులు ఫ్యానయితే మరీ సులువు. వారి గోడ సాకెట్లో మాత్రం దోపనివ్వకూడదు. ఇల్లంతా కావాలని అడిగితే వారి మీటరు పక్కన కూడా ఒక మార్చు మీట బిగించాలి. దాని డబ్బులు పిన్నిగారివే.