వేట నిషిద్ధం, మేత కాదు

వేటకెళ్ళేవాడు ఎంత తక్కువ మోసుకెళ్తే అంత మొనగాడని పాతకాలపు లెక్క. ఉప్పు, కారం, గిద్దెడు నూనె, ఒక గిన్నె ఉంటే చాలు, మిగతాది అడవే చూసుకునేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి ఆ లెక్క తిరగబడింది. ఇప్పుడు అడవి మనకేమీ పెట్టదు. మనమే తీసుకోబోతే జైల్లో పెడతారు. కనుక చట్టాన్ని గౌరవించే వేటగాడు కూర దగ్గర్నుంచి కరివేపాకు దాకా ఇంటినుంచే మోసుకెళ్ళాలి. భిలాయి హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఇనుము కోసి, అతికి బతికే మా తెలుగు బృందం చలికాలంలో అడవికి బయల్దేరితే, జీపు వెనక టైర్లు నేలకు దణ్ణం పెడుతున్నట్టు కుంగేది అందుకే.

మా ఛత్తీస్‌గఢ్ వేటలో ఎవరికీ తీసిపోయింది కాదు. దేశంలో చివరి మూడు చీతాలను 1947లో కాల్చింది ఇక్కడి కొరియా మహారాజే అంటారు. 1952లో ప్రభుత్వం చీతా అంతరించిందని ప్రకటించింది. అంతటి ఘనులు అంత పని చేసి వెళ్ళాక మాలాంటివాళ్ళకు మిగిలింది జంతికలే. పేరు మాత్రం వదులుకోలేదు. రాయ్‌పూర్ దాటి పటేవా దగ్గర మళ్ళి, బార్నవాపారా అభయారణ్యంలో శనాదివారాలు గడిపి రావడాన్ని మేం ఇప్పటికీ ‘వేట క్యాంపు’ అనే అంటాం. అక్కడి 245 చదరపు కిలోమీటర్లలో మేం గురిపెట్టేది విస్తరాకు ఒక్కదానికే.

క్యాంపుకు పక్షం రోజుల ముందే మెనూ కమిటీ కూర్చుంటుంది. అధ్యక్షుడు మా పెదనాన్న. శ్రీకాకుళం నుంచి కుర్రతనంలో వచ్చి, ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర చేసి రిటైరయ్యాడు. 1959లో రాజేంద్రప్రసాద్ మొదటి ఫర్నేస్ ప్రారంభించిన నాటినుంచీ ఆ కొలువులో సూత్రం ఒక్కటే: కొలిమి చల్లారకూడదు, ఖనిజం, కోక్, సున్నపురాయి పైనుంచి పడుతూనే ఉండాలి. పెదనాన్న రిటైరైనా సూత్రం రిటైరవలేదు, కొలిమి మాత్రం కడుపులోకి మారింది.

కార్యదర్శి మా బావగారు. చదువుకున్నవాడు కదా, పడమటి దేశాల వేటగాళ్ళ పద్ధతి వివరించాడు.

“కొండలెక్కే వేటగాడు మనిషికి రోజుకి ఏడొందల నుంచి తొమ్మిదొందల గ్రాముల తిండి మోసుకెళ్తాడు మావయ్యా.”

“పూటకా?”

“రోజుకి.”

పెదనాన్న జాలిపడ్డాడు. “పాపం, ఆళ్ళు ఏ జబ్బుమీదున్నారేటి?”

బావగారు పట్టు వదల్లేదు. వండిన అన్నంలో మూడింట రెండొంతులు నీళ్ళేననీ, నీళ్ళను మోసుకెళ్ళడం తెలివితక్కువనీ అన్నాడు. వాళ్ళు కూరని సైతం ఎండగట్టి పొట్లం కడతారట. అడవిలో వేడినీళ్ళు పోసి పది నిమిషాలు మూతపెడితే భోజనం సిద్ధం. దీన్ని అంతరిక్ష విజ్ఞానంలా చెబుతుంటే మా వదిన లోపల్నుంచి వచ్చి అటుకుల డబ్బా, వడియాల డబ్బా, కందిపొడి సీసా బల్లమీద వరసగా పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. కమిటీలో నాకు తెలిసి అంత గట్టి ప్రసంగం ఇంకెవరూ చెయ్యలేదు.

ఆ తర్వాత పాడయ్యే వరస ప్రకారం తినే వరస ఖరారైంది. కొబ్బరి పచ్చడి మొదటి మధ్యాహ్నానికి, ఎందుకంటే సాయంత్రానికి దాని నమ్మకం లేదు. పులిహోర, చింతపండు పులుపు పుణ్యమా అని, రాత్రికి. గోంగూర నిల్వపచ్చడికి గడువు రాయలేదు. అది మా తర్వాత తరం దాకా ఉంటుంది. నడిచేటప్పుడు జేబులోకి వేయించిన పల్లీలు, వంద గ్రాములకు ఐదొందల యాభై కేలరీలకు పైమాటే. ఇంకా సున్నుండలు. వాటి కేలరీలు లెక్కగట్టబోయిన బావగారిని మా అక్క ఒక్క చూపుతో ఆపింది.

ఎండుచేపల దగ్గర రభస మొదలైంది. బార్నవాపారాలో ఎలుగుబంట్లున్నాయి. ఎలుగుకి చూపు మందం, ముక్కు మహా చురుకు. ఇప్పపువ్వు రాలిందంటే వాసనపట్టి వచ్చేస్తుంది. మరి వేయించిన నెత్తళ్ళంటే? ఓటింగు పెట్టాం, నెత్తళ్ళు ఓడిపోయాయి. “ఎలుగుకున్న రుచి మీకు నేదురా” అని పెదనాన్న ఆ పూట కాఫీ ముట్టలేదు. రెండో గొడవ ఉడకబెట్టిన గుడ్లది. అడవిపక్షి గుడ్డు పాడుచేసినా చట్టం దాన్ని వేటకిందే లెక్కగడుతుందని బావగారు ఎక్కడో చదివాడు. గుడ్లు కోళ్ళఫారం నుంచి వచ్చాయని రుజువుకి బిల్లు జేబులో పెట్టుకుందామన్నాడు. పెట్టుకున్నాం. ఇక అభయారణ్యంలో ఇష్టమొచ్చినచోట మంట వెయ్యకూడదు కాబట్టి వంట విడిది పొయ్యిమీదే, పూటకి ఒక్కసారే అని తీర్మానించాం. అక్కడ ‘ఒక్కసారి’ అంటే పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా అని పెదనాన్న మినిట్స్‌లో రాయించాడు.

మా షాపులో వెల్డింగు చేసే ఛత్తీస్‌గఢీ మిత్రుడు ఈ రాద్ధాంతమంతా గోడకానుకుని విన్నాడు. తన వంతు తెచ్చేదేమిటని అడిగితే బోరే బాసీ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, గుప్పెడు ఠేఠ్రీ అన్నాడు. ఠేఠ్రీ అంటే శనగపిండితో వేయించేది, మన జంతికలకి దగ్గరి చుట్టం. బోరే బాసీ అంటే రాత్రన్నంలో నీళ్ళు పోసి పొద్దున్నే తినేది, అచ్చం మన చద్దన్నం. కష్టజీవుల తిండి అని 2022 మేడే నాడు ఇక్కడి ప్రభుత్వం అందర్నీ బోరే బాసీ తినమని పిలుపిచ్చింది. అది విని పెదనాన్న మండిపడ్డాడు. “దానికి మేడే ఏటి, ప్రభుత్వమేటి? మాయమ్మ ఏడాదంతా పెట్టింది, ఒక్క పేపర్లో ఎయ్యలేదు.”

చివరికి జాబితా మూడు కాగితాలైంది. తూకం వేస్తే తలకి రోజుకి నాలుగు కిలోల పైచిలుకు తేలింది. తగ్గించే మార్గం కమిటీ శ్రద్ధగా ఆలోచించి, తూకం వెయ్యడం మానేసింది.

వెల్డింగు మిత్రుడికి ఒక్క సందేహం మిగిలింది.

“అక్కడికెళ్ళి ఏం చేస్తారు భాయ్?”

“తింటాం.”

“తిన్నాక?”

“రాత్రికేం వండాలో మాట్లాడుకుంటాం.”

“మరి జంతువుల్ని చూడరా?”

పెదనాన్న కాస్త ఆలోచించి, బృందం మొత్తానికి వర్తించేలా అన్నాడు: “అవి ఒచ్చి మమ్మల్ని సూసుకుంటాయిలే బాబూ. భోజనాలేళకి రమ్మను.”