మూన్ మామ

మనిషి చంద్రుడి మీద కాలు మోపాడంటే ఒప్పుకోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి మూన్ మామ అని పేరు. రాయదుర్గం మెట్రో స్టేషన్ మొదలుకొని నానక్‌రామ్‌గూడ దాకా అన్ని కాలాల్లోనూ కనిపిస్తాడు. అమావాస్యా పున్నమీ తేడా లేదు. వయసు ముప్పైకి పైన, నలభై అయిదుకి లోపల. మెడలో ఐడీ కార్డు, వీపున ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో అల్లం టీ. పగలంతా మామూలు మనిషే. సాయంత్రం టీ బండి దగ్గర ఎవరి నోటనైనా ‘నాసా’ అన్న మాట వచ్చిందంటే మాత్రం కప్పు కింద పెడతాడు. మామ కప్పు కింద పెట్టాడంటే అరగంట పోయిందని లెక్క.

తెలుగువాళ్లకు చంద్రుడే మామ. ఆ మామ ఇంటికి వెళ్లొచ్చామని పన్నెండుమంది చెబితే, బస్సు టికెట్లు చూపించమనే అల్లుడు ఇతడు. 1969 జులై నుంచి 1972 డిసెంబరు వరకు అపోలో 11, 12, 14, 15, 16, 17 నౌకలు చంద్రుడి మీద దిగాయని, మొత్తం 382 కిలోల రాళ్లూ మట్టీ తెచ్చాయని గడగడా అప్పజెబుతాడు. నమ్మేవాళ్లను అడిగితే ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర మొదలై ఆల్డ్రిన్ దగ్గర ఆగిపోతారు. అపోలో గురించి ఐటీ కారిడార్‌లో ఎక్కువ చదివినవాడు, దాన్ని నమ్మనివాడు ఒక్కడే కావడం ఈ జాతి ప్రత్యేకత.

ఈ శంక పుట్టిల్లు అమెరికా. బిల్ కేసింగ్ అనే ఆయన, మనం చంద్రుడి మీదికి వెళ్లనే లేదంటూ 1976లో సొంతంగా పుస్తకం అచ్చువేసుకున్నాడు. ఆయన అంతకుముందు రాకెట్ ఇంజన్లు చేసే రాకెట్‌డైన్ సంస్థలో టెక్నికల్ రైటరు. డాక్యుమెంటేషన్ రాసినవాడే ప్రాజెక్టును నమ్మకపోవడం మన ఆఫీసుల్లోనూ వింతేమీ కాదు. ఆ తర్వాత అంగారక యాత్రను స్టూడియోలో దొంగచాటుగా తీసినట్టు చూపించిన ‘కాప్రికార్న్ వన్’ సినిమా వచ్చింది. 2001లో ఫాక్స్ టీవీ ఈ అనుమానం మీద ఏకంగా ఒక కార్యక్రమమే వేసింది. ఆన్‌సైట్‌లో పుట్టిన పని ఆఫ్‌షోర్‌కు దిగినట్టు, అక్కడ పాతబడ్డాక ఇక్కడికి చేరింది.

అపోలో 11 దిగిననాడు మన దగ్గర టీవీలో చూసినవాళ్లు లేరు. 1969లో దేశంలో టీవీ ఒక్క ఢిల్లీకే ఉండేది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో గానీ రాలేదు. రేడియోలో విన్నారు, పేపర్లో చదివారు. శివుడి తలమీద ఉండేవాడి మీద బూట్లతో నడవచ్చా అని మథనపడిన పెద్దలకు కూడా, వాళ్లు నడిచారా లేదా అన్న సందేహం అంతగా లేదు. మనవడి బాధ వేరు. పాపం పుణ్యం సంగతి అతడికి పట్టదు, వీడియో క్వాలిటీ చాలు.

మామకు ఈ అనుమానం అంటించింది ఉద్యోగం. పన్నెండేళ్ల సర్వీసులో వందల డెమోలు చూశాడు, కొన్ని తానే చేశాడు. క్లయింటు ముందు నొక్కిన బటన్ వెనక ప్రోగ్రామ్ ఉండదని, ముందే హార్డ్‌కోడ్ చేసిపెట్టిన జవాబు ఉంటుందని అతడికి తెలుసు. ఏ ఊరు కొట్టినా 32 డిగ్రీలే చూపించే వెదర్ యాప్‌ను, ఒకే ఒక్క ఊరు కొట్టి చప్పట్లు కొట్టించుకున్నవాడు అతడు. సగం కూడా కాని పని స్టాండప్‌లో ‘ఆల్మోస్ట్ డన్’ అవుతుంది. వారాంతపు రిపోర్టులో ఎర్రగా ఉండాల్సిన గడి మేనేజరు దగ్గరికి వెళ్లేసరికి పసుపు, ఆ పైవాడి దగ్గరికి వెళ్లేసరికి పచ్చ. ఇరవైమంది ఉన్న ప్రాజెక్టులోనే ఇంత జరుగుతుంటే, చంద్రయాత్ర మాటేమిటి? ఈ దశాబ్దం పూర్తయ్యేలోగా మనిషిని అక్కడ దించి క్షేమంగా వెనక్కి తేవాలని కెనెడీ 1961 మేలో డెడ్‌లైన్ పెట్టాడు. పని 1969 జులైకల్లా అయిపోయింది. గడువుకు అయిదు నెలల ముందే డెలివరీ అయిన ప్రాజెక్టును మామ జన్మలో చూడలేదు. ఈ ఒక్క పాయింటు దగ్గర అతణ్ణి తప్పుపట్టడం కష్టం.

ఆ ప్రాజెక్టు మధ్యలో ఏం జరిగిందో మాత్రం మామ చెప్పడు. 1967 జనవరి 27న అపోలో 1 క్యాబిన్ పరీక్ష జరుగుతుండగా నేలమీదే కాలిపోయి ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు. ఆ తర్వాత ఇరవై నెలలకు పైగా మనుషులతో ఒక్క అపోలో కూడా లేవలేదు. రిపోర్టులో గడి ఎర్రగా ఉన్నరోజులు వాళ్లకూ ఉన్నాయి.

మామతో వాదనకు దిగినవాళ్లు ముందుగా తీసే అస్త్రం, అపోలోకు పనిచేసిన నాలుగు లక్షలమంది నోళ్లు ఎలా మూయించారన్నది. హైక్ ఎంతొచ్చిందో ఎవరికీ చెప్పొద్దని హెచ్‌ఆర్ పొద్దున మెయిల్ పెడితే, మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఫ్లోరంతటికీ పర్సంటేజీలతో సహా తెలిసిపోతుంది. మామ దీనికి తడుముకోడు. “అందరికీ తెలియాల్సిన పనేముంది? మాడ్యూళ్లుగా పంచి ఉంటారు. అయిదేళ్ల నుంచి చేస్తున్నా, నా ప్రాజెక్టు ఏం చేస్తుందో నాకు తెలుసా?” అంటాడు. అక్కడున్నవాళ్లెవరికీ తమ ప్రాజెక్టు ఏం చేస్తుందో తెలియదు గనుక కాసేపు నిశ్శబ్దం.

జెండా, నీడలు, నక్షత్రాలు అనే మూడు అనుమానాలను త్వరగా దాటవచ్చు. గాలి లేనిచోట జెండా ఎలా నిలబడిందంటే, పైఅంచులో అడ్డంగా కడ్డీ పెట్టారు గనుక. ఎగుడుదిగుడు నేలమీద నీడలు తలోదిక్కూ పోయినట్టు కనబడతాయి. సాయంత్రం అయిదింటికి శిల్పారామం బయట నిలబడితే ఇది ఉచితంగా చూడవచ్చు. అపోలో ఫొటోల ఆకాశంలో నక్షత్రాలు ఎందుకు లేవన్నదానికి జవాబు మామ ఫోన్లోనే ఉంది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ముందు రాత్రిపూట దిగిన సెల్ఫీలు ఎనభై దాకా ఉంటాయి. ఒక్కదాంట్లోనూ నక్షత్రం లేదు. వెలుగుతున్న వస్తువుకు కెమెరాను సరిచేస్తే మసక చుక్కలు పడవు. అంతమాత్రాన మామ మాదాపూర్ వెళ్లలేదని ఎవరూ అనలేదు.

మళ్లీ ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్న వీటికన్నా గట్టిది. జవాబు మాత్రం మామకు బాగా తెలిసిన భాషలోనే ఉంది: బడ్జెట్ అయిపోయింది. ఖర్చు దాదాపు 2,500 కోట్ల డాలర్లకు చేరుతుంటే క్లయింటుకు మోజు తీరింది. అపోలో 18, 19, 20 రద్దయ్యాయి. టీములో సగంమంది బెంచి మీదికి, తక్కినవాళ్లు వేరే ప్రాజెక్టుల్లోకి. పదేళ్లాగి పాత కోడ్ మళ్లీ నడపమంటే ఎవరివల్ల అవుతుంది?

చంద్రుడి మీద పెట్టిన అద్దాల దగ్గర మాత్రం మామది పైచేయి. అపోలో 11, 14, 15 వాళ్లు అక్కడ లేజర్ అద్దాలు అమర్చి వచ్చారు. భూమి నుంచి వదిలిన లేజర్ వాటిని తాకి రెండున్నర సెకన్లలో తిరిగొస్తుంది. చంద్రుడు మననుంచి ఏడాదికి 3.8 సెంటీమీటర్లు జరిగిపోతున్నాడని కచ్చితంగా కొలిచింది వాటితోనే. మామ నవ్వి, అలాంటి అద్దాలు రష్యావాళ్లు మనుషుల్లేకుండానే లునోఖోద్ బండ్ల మీద పంపారు కదా అంటాడు. నిజమే, పంపారు. అయితే ఆ రష్యావాళ్లే పోటీ కంపెనీ. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద ఉండగానే వాళ్ల లూనా 15 అక్కడే కూలిపోయింది. పోటీవాడి డెమో దొంగదని తేల్చే అవకాశం దొరికితే, అంత అవమానంలో ఉన్నవాడు నోరుమూసుకుంటాడా? టెండరు పోయినవాడి నోరు ఎలా ఉంటుందో మామకు చెప్పక్కర్లేదు. ఈ ప్రశ్నకు ఇంకో టీ చెబుతాడు.

అసలైన విచిత్రం 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు జరిగింది. చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణధ్రువం దరిదాపుల్లో దిగింది. ఇస్రో ప్రత్యక్షప్రసారాన్ని యూట్యూబ్‌లో ఒకేసారి 80 లక్షలకు పైగా చూశారు. వాళ్లలో మామ ఒకడు. క్యాఫెటేరియాలో కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాడు, కళ్లు తుడుచుకున్నాడు, మిఠాయి పంచాడు. ఆ సమయంలో తెరమీద ఉన్నది అంకెలు, గీతలు, ఒక యానిమేషన్ బొమ్మ. మనుషులు నడిచిన ఫిల్ము చూసి నమ్మనివాడు బొమ్మ చూసి నమ్మాడు. నమ్మడం సరైనదే, అంకెలు నిజమైనవే. కానీ ఆ రోజు అతడు ఎత్తు ఎంతని అడిగాడు గానీ నీడ ఎటుపడిందని అడగలేదు.

ఇక్కడే అతడికి ఇస్రో పెట్టిన ముడి ఒకటుంది. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయినా ఆర్బిటర్ చక్కగా తిరుగుతూ ఉంది. దాని హై రిజల్యూషన్ కెమెరా అపోలో 11, 12 దిగిన చోట్లను 2021లో ఫొటో తీసింది. అమెరికావాళ్లు వదిలిపోయిన ల్యాండర్ల కింది భాగాలు అందులో కనబడతాయి. నాసా ఫొటో అయితే కొట్టిపారేసేవాడు. ఇస్రో ఫొటోను కొట్టిపారేస్తే దేశభక్తికి దెబ్బ, ఒప్పుకుంటే పన్నెండేళ్ల వాదనకు దెబ్బ. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చాలామంది మామలు, ఆ సామాను తర్వాత రోబోలతో పెట్టించి ఉంటారని సర్దుకున్నారు. అంత సామాను రోబోలతో పంపగలిగినవాడికి మనుషుల్ని పంపడం ఏపాటి అని అడిగితే మీటింగ్ ఉందంటారు.

ఉపగ్రహ చిత్రాలంటే మామకు పగేమీ లేదు. శంకర్‌పల్లి దగ్గర కొన్న రెండువందల గజాల ప్లాటును రోజూ రాత్రి ఫోన్లో ఉపగ్రహ చిత్రం పెద్దది చేసి చూసుకుంటాడు. కొత్తగా రాయి పాతారేమో, పక్కవాడు జరిగాడేమో గమనిస్తాడు. అదే పైనుంచి తీసిన చంద్రుడి బొమ్మ చూపిస్తే గ్రాఫిక్స్ అంటాడు. చంద్రుడి మీద ఎకరం కొన్నామని సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించుకున్నవాళ్లు తెలుగునాట ఉన్నారు. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుడు ఏ దేశపు సొత్తూ కాదు, కాబట్టి ఆ కాగితం చెల్లదు. ఈ సంగతి మామ అందరికన్నా గట్టిగా చెబుతాడు. చెప్పి, ఎకరం ఎంతకిస్తున్నారని అడుగుతాడు.

భాద్రపద శుద్ధ చవితినాడు ఇతడి నడవడి ప్రత్యేకంగా గమనించదగ్గది. ఊరినుంచి అమ్మ ఫోన్ చేసి, “ఇవాళ చంద్రుణ్ణి చూడకురా, నీలాపనిందలు వస్తాయి” అంటుంది. మామ క్యాబ్ దిగి లిఫ్టు దాకా తలొంచుకుని నడుస్తాడు, శమంతకమణి కథ విని అక్షతలు నెత్తిన వేసుకుంటాడు. కృష్ణుడంతటివాడికే, పాలలో చంద్రుణ్ణి చూసిన పాపానికి దొంగతనం అంటగట్టారు. ఇక చంద్రుడి మీదికే వెళ్లొచ్చినవాళ్లకు ఎంత నింద రావాలి? అక్షతలు పడాల్సిన తలలు ఇంకెక్కడో ఉన్నాయి.

మామకు ఎదురునిలిచేవాడు చేరి రెండేళ్లయిన కుర్రాడు. “అన్నా, సైన్స్ అన్నా అది!” అంటాడు, అంతకుమించి అనలేడు. ఎందుకు నమ్ముతున్నావంటే స్కూల్లో చెప్పారంటాడు. గూగుల్ చేసి చదివి వినిపిస్తాడు. మామ చేతిలో రోజూ ఓడిపోతాడు. నిజం తనవైపు ఉన్నా వాదన ఓడిపోవచ్చని ఆ కుర్రాడికి తెలిసింది టీ బండి దగ్గరే.

మామ చివరి అస్త్రం కంప్యూటరు. అపోలో కంప్యూటరుకు రాసి చెరపగలిగిన మెమరీ 2,048 పదాలు, అంటే 4 కేబీ. “నా ఫోనుకు 12 జీబీ ఉంది, బయోడైవర్సిటీ జంక్షన్లో మ్యాప్ తెరిస్తే ఇరుక్కుపోతుంది. నాలుగు కేబీతో చంద్రుడి మీదికా?” అంటాడు. అక్కడున్నవాళ్లంతా తలూపుతారు. ఎవరూ చెప్పని సంగతి, అసలు ప్రోగ్రాములన్నీ ఉన్నది విడిగా ఇంకో 36,864 పదాల మెమరీలో అని. దాన్ని టైపు చేయలేదు, నేశారు. మసాచుసెట్స్ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు సన్నటి రాగితీగను అయస్కాంతపు పూసల్లోంచి పోనిస్తే ఒకటి, పక్కనుంచి పోనిస్తే సున్నా. పోచంపల్లి మగ్గం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అలా నేసినదాన్లో తప్పు దొరికితే సరిదిద్దడం ఎంత పనో ఊహించుకోవచ్చు. ‘తర్వాత ప్యాచ్ ఇద్దాం’ అన్న మాట అక్కడ చెల్లదు.

ఆ కంప్యూటరు దిగేముందు ఏం చేసిందన్నది ఇంకా బాగుంటుంది. అపోలో 11 దిగినప్పుడు భారత కాలమానం ప్రకారం జులై 21 తెల్లవారుజాము 1 గంట 47 నిమిషాలు, సైబరాబాద్ లెక్కలో నైట్ షిఫ్ట్. దిగడానికి ఏడు నిమిషాల ముందు తెరమీద 1202 అని ఎర్రర్ వచ్చింది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు అదేమిటో తెలియదు. ఒక రాడారు స్విచ్చి ఉన్న స్థానం వల్ల ఆ రాడారు కంప్యూటరు సమయాన్ని తినేస్తోంది. పని ఎక్కువైన కంప్యూటరు తనంతట తానే రీస్టార్ట్ అయి, ముఖ్యంకాని పనులు వదిలేసి, దించే పని మాత్రం సాగించింది. భూమ్మీద హ్యూస్టన్‌లో జాక్ గార్మన్ అనే 24 ఏళ్ల ఇంజనీరు దగ్గర అలారం కోడ్లన్నీ చేత్తో రాసుకున్న కాగితం ఒకటుంది. కొద్దివారాల ముందు రిహార్సల్లో ఇలాంటి అలారానికి భయపడి యాత్ర ఆపేయమన్నందుకు తిట్లు పడితే రాసుకున్న కాగితం అది. దాన్ని చూసి పర్వాలేదన్నాడు. 26 ఏళ్ల స్టీవ్ బేల్స్ ‘గో’ అన్నాడు. అలారం మళ్లీమళ్లీ మోగుతూనే దిగారు.

ఇది విన్నప్పుడు మామ కప్పు మళ్లీ చేతిలోకి తీసుకుంటాడు. దొంగ డెమోలో ఎర్రర్ రాదు, రానివ్వరు. లైవ్‌లో ఎర్రర్ వచ్చిందంటే అది ప్రొడక్షనే అని అతడికి తెలుసు. కాసేపాగి, గొంతు తగ్గించి ఒక్కటే అడుగుతాడు: దీనికి రూట్ కాజ్ డాక్యుమెంట్ ఉందా అని.

ఉంది. 1969 నవంబరులో నాసా వెలువరించిన అపోలో 11 మిషన్ రిపోర్టులో లోపాలకే ఒక అధ్యాయం ఉంది. దిగేటప్పుడు మోగిన కంప్యూటర్ అలారాలకు అందులో విడిగా ఒక భాగం కేటాయించారు.