రోబో బాబు

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే ఎక్స్‌ప్రెస్ బస్సులో బూట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులా పైకి లేపే కుర్రాడు కనిపిస్తే, వాడే రోబో బాబు. డబ్బాలో బూట్లుండవు. ఆర్డుయినో బోర్డు, మోటార్ డ్రైవర్, అల్ట్రాసోనిక్ సెన్సర్, చిక్కుపడ్డ జంపర్ వైర్లు ఉంటాయి. "కోడిపిల్లలా? టికెట్ కొట్టాలె" అని కండక్టర్ అన్నా నవ్వి ఊరుకుంటాడు.

వీడు చేరింది మైనింగులో. ర్యాంకు అటు తోసింది. నాన్నది సింగరేణి ఉద్యోగం గనక ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. వీడు మాత్రం సొంత క్లాసులో వెనక బెంచీ, ఈసీఈ వాళ్ల ల్యాబులో ముందు బెంచీ. మెస్ బిల్లుకని ఇంటి నుంచి వచ్చిన డబ్బు కోఠి గుజరాతీ గల్లీకి పోయి సెన్సర్లయి తిరిగొస్తుంది. స్నేహితులంతా కిన్నెరసానికి పోయి జింకలతో ఫొటోలు దిగుతుంటే, వీడు డ్యామ్ గేటును ఎత్తే మోటారు ఎన్ని హార్స్‌పవరో వాచ్‌మన్‌ను అడుగుతుంటాడు.

"మైనింగోడికి ఈ బొమ్మలాటేందిరా?" అని నాన్న గద్దిస్తే జవాబు సిద్ధం. "రాజ్‌రెడ్డి గారు గిండీలో సివిల్ చదివారు నాన్నా. మన చిత్తూరు జిల్లా కాటూరాయన. అమెరికాలో కార్నెగీ మెలన్ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరు. 1994లో ట్యూరింగ్ అవార్డు కూడా వచ్చింది."

నాన్న కాసేపు ఆలోచిస్తాడు. "ఏ రాజ్‌రెడ్డి? ఫైవ్ ఇంక్లైన్‌ల ఓవర్‌మన్ చేసినాయనా?"

వీడి మొదటి సృష్టి గీత వెంట నడిచే బండి. తెల్ల చార్టు మీద నల్ల టేపు అంటించి నడిపితే ఏం గొప్పని, ప్రోగ్రాంలో నలుపు తెలుపులు తారుమారు చేసి, వాకిట్లో అమ్మ వేసిన మెలికల ముగ్గు మీద వదిలాడు. బండి బ్రహ్మాండంగా నడిచింది. అయితే మెలికల ముగ్గుకు మొదలూ తుదీ ఉండవు. ఆపే మీట పెట్టడం వీడు మర్చిపోయాడు. బ్యాటరీ అయిపోయేదాకా అది ప్రదక్షిణలు చేసింది. వాడకట్టు పిల్లలు లెక్కపెట్టారు. చక్రాల కింద ముగ్గంతా చెదిరిపోయింది. అమ్మ చీపురు తెచ్చింది, ముగ్గు కోసం కాదు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటాక వీడికి లోకసేవ పట్టుకుంది. నీటిమట్టం కొలిచి ఫోనుకు మెసేజ్ పంపే యంత్రం చేశాడు. సెన్సర్ చూపు నాలుగు మీటర్లు, అంటే పదమూడు అడుగులు. గోదావరి మొదటి ప్రమాద హెచ్చరికే 43 అడుగుల దగ్గర. భద్రాచలంలో ఉండే అమ్మమ్మ అంతా విని అడిగింది:

"వరద పెరిగిన కొద్దీ దాన్ని ఎత్తుకుని మెట్లెక్కేదెవరు?"

"నేనే అమ్మమ్మా."

"మరి నువ్వే చూసి ఫోన్ చెయ్యరాదూ?"

వీడు నొచ్చుకోలేదు. "వర్షన్ టూలో సరిచేస్తా" అన్నాడు. ఈ జాతికి ఓటమి అంటదు, అదే నాకు వీళ్లలో నచ్చేది. పైగా ఎవరూ చెప్పకుండానే, వాడకట్టులోని ఫ్యాన్లూ గ్రైండర్లూ విప్పి విప్పి, మోటారు గుట్టు మొత్తం పట్టేశాడు.

ఇలాంటివాడు చుట్టపుచూపుగా మీ ఇంటికొస్తే కడుపునిండా అన్నం పెట్టండి. చెడిపోయిన మిక్సీ ఉంటే చేతికివ్వండి, బాగుచేస్తాడు. బాగా నడుస్తున్న మిక్సీని మాత్రం వాడి కంటపడనివ్వకండి.